మేలుకొనుటకు పట్టిన సమయం

పరీక్ష ఉదయం పదకొండు గంటల నాలుగు నిమిషాలకు మొదలైంది. పదకొండు గంటల నాలుగు నిమిషాలకే అయిపోయింది. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఉపకరణ ప్రామాణిక సంస్థకు సముద్రం కనిపించే గుట్ట మీద రెండంతస్తుల భవనం ఉంది. పై అంతస్తులో కొత్త పరికరాలు తయారుచేస్తారు. అవి పనిచేస్తున్నాయని కింది అంతస్తులో ధ్రువీకరిస్తారు. రెండింటి మధ్యా ఇరవై రెండు మెట్లున్నాయి. ఏ పరికరమైనా ఆ మెట్లు దిగి, సంతకం వేయించుకుని వీధిలోకి వెళ్ళడానికి మామూలుగా మూడేళ్ళు పడుతుంది. పై అంతస్తులో పనిచేసే మజ్జి వరహాలుకు అంత వ్యవధి లేదు. అప్పటికి ఏప్రిల్ రెండో వారం. జూన్ మూడో వారానికి కాశిమెట్ట ఘాటులో వానలు మొదలవుతాయి.

కాశిమెట్ట ఘాటు రోడ్డుకు ముప్పై ఒక్క మలుపులు. వానాకాలంలో కొండ మెత్తబడి రాళ్ళు జారతాయి. కిందటేడు ఏడో మలుపు దగ్గర ఒక జీపు వాటి కింద పడింది. అందులో పోయిన తొమ్మిది మందీ సంతకు వెళుతున్నవాళ్ళు. ఆ తరవాత మలుపుకొక స్తంభం నాటాలని నిర్ణయమైంది. స్తంభం మీద ఒక కెమెరా ఉంటుంది. కొండ అదిరితే అది లేచి, ఫోటో తీసి, స్తంభంలోనే ఉన్న చిన్న మెదడుకు పంపుతుంది. రాయి జారుతోందని మెదడుకు తోస్తే మలుపుకు అటూ ఇటూ ఎర్రలైటు వెలుగుతుంది. బస్సు ఆగుతుంది. దారి తెరుచుకుంటే లైటు ఆకుపచ్చగా మారుతుంది. ఇంతే సంగతి.

కాని ఘాటులో కరెంటు లేదు. ఎండతో నిండే బ్యాటరీయే ఆధారం. వానల్లో పదిహేనేసి రోజులు ఎండ ముఖం కనపడదు. అందుకని కెమెరాకూ మెదడుకూ నడుమ వేగంగా సమాచారం పరిగెత్తే తీగ, పనిలేనప్పుడల్లా నిద్రపోవాలి. నిద్రపోవడం ఏ తీగకైనా వస్తుంది. లేవడమే కష్టం. మామూలు తీగ లేచాక రెండు కొసలూ ఒకదాని తాళం ఒకటి అందుకోవడానికి కాసేపు తడుముకుంటాయి. ఆ తడుములాటలోనే బ్యాటరీ కరిగిపోతుంది. పైగా కొండ అదిరేది రాళ్ళకే కాదు. లారీ వెళ్ళినా, కోతులు గెంతినా అదురుతుంది. రోజుకు వెయ్యిసార్లు లేవాలి, వెయ్యిసార్లూ మళ్ళీ పడుకోవాలి.

వరహాలు ఆరేళ్ళు కూర్చుని దానికొక ఉపాయం కనిపెట్టాడు. తీగంతా నిద్రపోయినా ఒక చిన్న మూల మాత్రం పాటకు వేసినట్టు సన్నగా తాళం వేసుకుంటూ ఉంటుంది. కిందటిసారి ఎక్కడ ఆపారో గుర్తుపెట్టుకుంటుంది. కాబట్టి లేవగానే తడుముకోదు. పన్నెండు నానోసెకన్లలో పూర్తి మెలకువలోకి వస్తుంది. రెప్పపాటుతో పోల్చి చెప్పాలంటే, ఒక్క రెప్పపాటులో అది కోటిసార్లు లేవగలదు.

దాన్ని పరీక్షించినవారు జాయింట్ డైరెక్టర్ కలశపూడి త్రివిక్రమరావుగారు. ఆయన చెడ్డవాడు కాదు, లంచగొండి కాదు, సోమరి అంతకన్నా కాదు. పదిగంటల ఆఫీసుకు తొమ్మిదీ ముప్పావుకే వచ్చేవారు. ఆయన ముందు పదిహేడో నెంబరు ఫారం ఉంది. అందులో సమయానికి మూడు గడులున్నాయి: ప్రారంభ సమయం, ముగింపు సమయం, మేలుకొనుటకు పట్టిన సమయం. మొదటి రెండూ గంటలు, నిమిషాల్లో రాయాలి. రెండోదాన్లోంచి మొదటిది తీసివేస్తే మూడోది వస్తుంది.

త్రివిక్రమరావుగారు గోడ గడియారం చూసి 11.04 అని రాశారు. వరహాలు మీట నొక్కాడు. తీగ లేచింది, ఫోటో వచ్చింది, ఎర్రలైటు వెలిగింది. ఆయన మళ్ళీ గడియారం చూసి 11.04 అని రాశారు. తీసివేశారు. సున్నా వచ్చింది. కలం మూత పెట్టేశారు.

"పరీక్ష జరగలేదండీ," అన్నారు.

జరిగింది కదా సార్, లైటు ఇంకా వెలుగుతూనే ఉంది కదా అన్నాడు వరహాలు. లైటు వెలిగిన విషయం తాను కాదనడం లేదని, పరీక్ష జరగలేదని మాత్రమే అంటున్నానని త్రివిక్రమరావుగారు ఓపికగా వివరించారు. ఇరవయ్యేళ్ళ కిందట ఒక పరిశీలకుడు ఇంట్లో కూర్చునే నలభై ఫారాలు నింపేశాడట. అన్నిట్లోనూ రెండు సమయాలూ ఒకటే వేసి దొరికిపోయాడు. అప్పటినుంచీ పట్టిన సమయం సున్నా అయితే పరీక్ష జరగనట్టే భావించవలెనని నియమం వచ్చింది.

సూపరింటెండెంటు మహలక్ష్మి ఫైలు పట్టుకుని పక్కనే నిలబడి ఉంది. ముప్పై ఏళ్ళ సర్వీసు, నెమ్మదైన మనిషి. పదకొండూ నాలుగు దాటబోతుండగా, ముల్లు ఐదు మీద పడే ముందు క్షణంలో మీట నొక్కితే సరిపోతుంది కదండీ, అటు నాలుగు, ఇటు ఐదు పడతాయి అని సూచించింది.

త్రివిక్రమరావుగారు నొచ్చుకున్నారు. "అమ్మా మహలక్ష్మిగారూ, పన్నెండు నానోసెకన్ల పనికి నిమిషం పట్టినట్టు రాయమంటారా? ప్రభుత్వ రికార్డులో అసత్యం రాయమంటారా?"

వరహాలు ఇంటికి వెళ్ళి లెక్కవేశాడు. తీగను ఐదువందల కోట్లసార్లు వరసగా లేపితే సరిగ్గా నిమిషం అవుతుంది. మర్నాడు ఆ మాటే విన్నవించాడు. త్రివిక్రమరావుగారు సంతోషించారు, అభినందించారు కూడా. అయితే ఒక్కో మేలుకొలుపూ ఒక్కో పరీక్ష కిందికి వస్తుంది గనక ఒక్కోదానికి ఒక్కో ఫారం ఉండాలన్నారు. ఆ మధ్యాహ్నమే ఐదువందల కోట్ల ఫారాలు కావాలని స్టోర్సుకు ఇండెంటు పెట్టించారు.

స్టోర్సు విభాగం ఆ ఇండెంటును తిరగ్గొట్టలేదు. తిరగ్గొట్టడానికి కారణం కనపడలేదు వాళ్ళకు. ఇండెంటు మీద సంతకాలన్నీ సక్రమంగా ఉన్నాయి. నాలుగు రోజులు లెక్క చూసుకుని జవాబిచ్చారు. ప్రస్తుతం నిలవలో రెండువేల మూడువందల ఫారాలు కలవు. మిగతావి ఒకదాని మీద ఒకటి పేర్చినచో ఐదువందల కిలోమీటర్ల ఎత్తు వచ్చును. గోదాము ఎత్తు పద్నాలుగడుగులు. కావున గోదాము పైకప్పు విషయమై ఇంజనీరింగు విభాగమునకు వ్రాయడమైనది.

ఏప్రిల్ అలా గడిచింది. వరహాలు ఇంట్లో ఒక్కడే ఉంటాడు. భార్య సత్యవతి పోయి మూడేళ్ళయింది. పొద్దున్నే కాఫీ కలుపుకుని వరండాలో కూర్చుంటే కింద సముద్రం మీద చేపల పడవలు తిరిగొస్తూ కనిపించేవి. అన్నీ తిరిగొచ్చాయో లేదో లెక్కపెట్టుకునేవాడు. ఆ లెక్క సరిపోయిన రోజున కాఫీ బాగున్నట్టనిపించేది.

మే మొదటివారంలో సమన్వయ సమావేశం పెట్టారు. ఏడుగురు అధికారులు వచ్చారు. ముందు తీగ మేలుకోవడం గురించి కాక, అసలది నిద్రపోయిందా లేదా అన్న విషయం చర్చకు వచ్చింది. ఒక మూల తాళం వేస్తూనే ఉంటుందని అర్జీదారే ఒప్పుకుంటున్నాడు. మరి నిద్ర అని ఎలా అనడం? ఫారంలో నిద్రస్థితి అన్న గడిలో అవును, కాదు అని రెండే ఉన్నాయి.

వరహాలు లేచి తనకు తెలిసిన విధంగా చెప్పాడు. తమ పిల్ల ఉయ్యాలలో ఉన్న రోజుల్లో తన భార్య ఉయ్యాల తాడు చేతికి చుట్టుకుని పడుకునేదని, బాగా నిద్రపోయేదని, గురక కూడా పెట్టేదని, అయినా పిల్ల ఒక్క రవ్వ కదిలితే ఇల్లంతా లేవకముందే ఆమె లేచి కూర్చునేదని, ఈ తీగ కూడా అంతేనని.

ఆర్థిక సలహాదారు కలం తీసి, ఆవిడను నిద్రలో ఉన్నట్టు పరిగణించాలా, విధుల్లో ఉన్నట్టు పరిగణించాలా అని అడిగారు. గంటన్నర చర్చ జరిగింది. రెండుసార్లు పకోడీలు వచ్చాయి. సమావేశపు నివేదికలో ఇలా టైపు అయింది: 'కీ.శే. శ్రీమతి మజ్జి సత్యవతి గారు ఉయ్యాల తాడు ధరించిన సమయమున నిద్రలో ఉన్నదియు లేనిదియు ఇదమిత్థముగా తేలలేదు. అయినను ఆమె సేవలను ఈ సమావేశము ప్రశంసాపూర్వకముగా నమోదు చేసుకొన్నది.'

వరహాలు ఆ కాగితం రెండుసార్లు చదివాడు. ముప్పై ఏళ్ళు ఇల్లు నడిపినా సత్యవతిని ఎవరూ ఎక్కడా నమోదు చేసుకోలేదు. మహలక్ష్మిని అడిగి ఒక జిరాక్సు తీసుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

సమావేశం చివర్లో త్రివిక్రమరావుగారు పరిష్కారం చెప్పారు. ఫారం సరైనదే, గడియారం సరైనదే, పరిశీలకుడి కళ్ళు సరైనవే. లోపం ఎక్కడుందంటే తీగ వేగంలో ఉంది. "సాధారణ పౌరుడు కళ్ళారా చూడలేని వేగం మన సంస్థకు వాంఛనీయం కాదు. తీగను పరీక్షార్హమైన వేగానికి తీసుకురావలసినదిగా వరహాలుగారిని కోరుతున్నాను. కనీసం ఒక నిమిషం. అనుమానాలకు తావు లేకుండా రెండు నిమిషాలైతే మంచిది."

సంతకం లేకపోతే స్తంభాలు గోదాము దాటవు. వానలు ఆరు వారాల్లో ఉన్నాయి. నిదానంగా లేచే స్తంభమైనా మలుపులో నిలబడి ఉంటే తరవాత సరిచేసుకోవచ్చునని వరహాలు తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. ఆరేళ్ళు కష్టపడి తీగకు నేర్పిన జ్ఞాపకాన్ని మూడు రోజుల్లో మరిపించాడు. ఒక చిన్న తీగ ముక్కను అడ్డంగా అతికించాడు. ఆ ముక్క ఉన్నంతసేపూ తీగ రెండు నిమిషాలపాటు ఏమీ ఎరగనట్టు ఊరుకుని, అప్పుడు లేస్తుంది.

రెండోసారి పరీక్ష చక్కగా జరిగింది. త్రివిక్రమరావుగారు 10.40 అని రాసి, చేతులు కట్టుకుని కూర్చున్నారు. మహలక్ష్మి కిటికీలోంచి సముద్రం చూసింది. 10.42కు లైటు వెలిగింది. ఆయన నిజంగానే మురిసిపోయారు. 'స్పష్టముగా గమనింపదగిన ఉపకరణము' అని ప్రత్యేక వ్యాఖ్య రాసి ఎ గ్రేడు ఇచ్చారు. నెల తిరక్కుండా ముప్పై ఒక్క స్తంభాలూ ఘాటులో నాటారు.

జూన్ మొదట్లో ఒక ఫోను వచ్చింది. ఆ ఘాటులో బస్సు నడిపే డ్రైవరు, గెమ్మెలి బాబూరావు. కొండమీద మనిషే. స్తంభాలు నాటినప్పుడు వరహాలు అందరికీ తన నెంబరు ఇచ్చి వచ్చాడు.

"సారూ, మీ కర్రలు బాగున్నాయండి. ఎర్రలైటు కూడా బాగా ఎలుగుతంది. కాకపోతే మట్టి కొంచెం జారితే, మేం మలుపు దాటీసి, దిగిపోయి, కిందూర్లో టీ తాగతన్నప్పుడు ఎలుగుతందండి. ఎవురికోసం ఎలుగుతందో తెలీట్లేదు."

పెద్ద రాళ్ళు పడ్డాయా అని అడిగాడు వరహాలు. ఇంకా లేదన్నాడు బాబూరావు, ఇంకా అన్న మాటను కొంచెం సాగదీసి. మబ్బు పట్టిన రెండో రోజుకే మూడు కర్రలు ఆరిపోయాయని కూడా చెప్పాడు. ఆరవా మరి? లేవడానికే రెండేసి నిమిషాలు కరెంటు తింటుంటే.

వరహాలు ఆ రోజే ఉత్తరం పెట్టాడు. జవాబు వారంలో వచ్చింది; ఆ సంస్థ చరిత్రలో అది వేగమే. ధ్రువీకరింపబడిన ఉపకరణము యొక్క మందగతిని తొలగించుట మార్పుగా పరిగణింపబడును. మార్పు జరిగిన ఉపకరణమునకు పదిహేడో నెంబరు ఫారముపై మరల పరీక్ష జరుపవలెను. అందు పట్టిన సమయము సున్నా కారాదు.

ఆయన ఆ జవాబును మడిచి సొరుగులో పెట్టి పదకొండు రోజుల సెలవుకు అర్జీ రాశాడు. కారణం దగ్గర వ్యక్తిగతం అని రాశాడు. మహలక్ష్మి ఆ అర్జీని చూసింది, ఆయన సంచీలోంచి బయటికి కనిపిస్తున్న చిన్న కటింగ్ ప్లేయరును చూసింది, ఏమీ అడక్కుండా ముద్ర వేసింది. "కొండమీద చలిగా ఉంటుందటండీ. మఫ్లరు పట్టుకెళ్ళండి," అంది.

రోజుకు మూడేసి మలుపులు. బాబూరావు పొద్దుటి బస్సులో దింపి సాయంత్రం బస్సులో ఎక్కించుకునేవాడు. వరహాలు నిచ్చెన వేసుకుని ఎక్కి, పెట్టె తెరిచి, ఆ తీగ ముక్కను కత్తిరించేవాడు. మోకాళ్ళు నొప్పెట్టేవి. ఎనిమిదో మలుపు దగ్గర ఒక ముసలామె ఆయనకు దొన్నెలో రాగి అంబలి పోసి, ఎందుకెక్కావు బాబూ పైకి అని అడిగింది. దీన్ని తొందరగా లేపడానికి అని చెప్పాడు. ఆమెకు అందులో వింతేమీ కనిపించలేదు. "మరి తొందరగా లెగాలి కదా," అంది.

ముప్పై ఒకటో తీగ ముక్క కత్తిరించిన రోజు సాయంత్రమే వాన మొదలైంది. పట్టుబడితే పింఛను సంగతేమిటని బస్సులో కాసేపు ఆలోచించాడు. తరవాత ముందు సీట్లో పడుకున్న పసిపిల్ల తల వెనక్కి వాలిపోతుంటే చేయి అడ్డం పెట్టి, కిందూరు వచ్చేదాకా అలాగే కూర్చున్నాడు.

ధ్రువీకరించిన పరికరాన్ని రెండు నెలల తరవాత అది ఉన్నచోటే తనిఖీ చేయాలని నియమం. జూలై నెలాఖరులో త్రివిక్రమరావుగారు బయల్దేరారు. తయారుచేసినవాడు వెంట ఉండాలి గనక వరహాలునూ తీసుకెళ్ళారు. సమయాన్ని సంస్థ గడియారంలోనే చూడాలి గనక గోడ గడియారాన్ని మేకు మీంచి దింపించి తువ్వాలులో చుట్టించారు. ఆఫీసు జీపు మరమ్మతులో ఉంది. ఇద్దరూ బాబూరావు బస్సే ఎక్కారు. గడియారం త్రివిక్రమరావుగారి ఒళ్ళో ఉంది.

బస్సులో నలభై మంది దాకా ఉన్నారు. అనాసపళ్ళ గంపలు, అల్లం మూటలు, పురిటికి వెళుతున్న ఒక అమ్మాయి, ఆమె వెంట అత్తగారు. వాన పడుతూనే ఉంది. లైటు వెంటనే వెలుగుతుంది, రెండు నిమిషాలు ఏమయ్యాయని త్రివిక్రమరావుగారు అడుగుతారు. ఏం చెప్పాలో వరహాలు దారి పొడుగునా కూడబలుక్కున్నాడు. ఏం చెప్పినా ఆ తీగ ముక్కలు మళ్ళీ అతికిస్తారు. ఇంకా రెండు నెలల వాన ఉంది.

ఏడో మలుపుకు వంద గజాల దూరంలో ఉండగా ఎర్రలైటు వెలిగింది.

బాబూరావు బ్రేకు వేశాడు. గంపలు ముందుకు దొర్లాయి. ఎదురుగా రోడ్డు నున్నగా, ఖాళీగా ఉంది. ఎందుకాపారని త్రివిక్రమరావుగారు అడుగుతుండగానే కొండ ఒకసారి గురగురలాడి, చెట్లతో సహా మెల్లగా, తీరిగ్గా రోడ్డు మీద కూర్చుంది. గేదె అంత రాయి ఒకటి దొర్లుకుంటూ రోడ్డు దాటి లోయలోకి వెళ్ళింది. అది కింద తగిలిన చప్పుడు చాలాసేపటికి వినిపించింది.

పురిటికి వెళుతున్న అమ్మాయి అత్తగారు కోడలి చేయి పట్టుకుని, పట్టుకున్నట్టే ఉండిపోయింది. బాబూరావు స్టీరింగు మీద తల ఆనించి, మళ్ళీ ఎత్తి, బీడీ వెలిగించుకున్నాడు.

త్రివిక్రమరావుగారు తువ్వాలు విప్పి గడియారం చూశారు. ఫారం తీసి ప్రారంభ సమయం 3.10 అని రాశారు. ఇప్పుడు కూడా అంకెలు గడి దాటలేదు. లైటు మారితే ముగింపు రాద్దామని దాని వైపు చూస్తూ కూర్చున్నారు. లైటు ఎర్రగానే ఉంది.

యంత్రం వచ్చి మన్ను తీసేసరికి పొద్దు వాలింది. ఈలోగా అల్లం మూటల ఆసామి ఎవరి పొయ్యి మీదో టీ కాయించి తెచ్చి అందరికీ పోశాడు. త్రివిక్రమరావుగారు కూడా తాగారు. చాలా బాగుందన్నారు. ఎవరిదో అనాసపండు కోసి పంచారు. దారి తెరుచుకుని లైటు ఆకుపచ్చగా మారినప్పుడు గడియారం 6.40 చూపిస్తోంది. ఆయన ముగింపు సమయం రాసి తీసివేత చేశారు.

వరహాలు ఇక దాచలేకపోయాడు. "సార్, ఒక విషయం చెప్పాలి. ఆ రెండు నిమిషాలూ నేనే తీసేశాను."

త్రివిక్రమరావుగారు కళ్ళజోడు మీంచి చూశారు.

"రెండు నిమిషాలేమిటి వరహాలుగారూ? మూడున్నర గంటలు పట్టింది. నేను కళ్ళారా చూశాను."

ఆయన అబద్ధం ఆడే మనిషి కాదు. ఆ గడిలో 3 గం. 30 ని. అని రాసి, కింద సంతకం పెట్టి, సాక్షి స్థానంలో బాబూరావు చేత కూడా పెట్టించారు.

ఆగస్టులో సంస్థ అన్ని విభాగాలకూ ఒక సర్క్యులరు పంపింది. ప్రయోగశాలలో రెండు నిమిషములుగా ఉన్న మేలుకొనుటకు పట్టిన సమయము, క్షేత్రస్థాయిలో మూడున్నర గంటలకు చేరి, నూట ఐదు రెట్లు అభివృద్ధి సాధించినదని అందులో ఉంది. ఇది స్పష్టతలో నూతన ప్రమాణమని, ఇకపై వచ్చు ఉపకరణములన్నియు దీనికి తగ్గకుండ చూడవలెనని ఆదేశించారు. వరహాలుకు విడిగా ఒక మెమో వచ్చింది. తదుపరి నమూనాలో ఈ సమయమును ఒక పూర్తి పనిదినమునకు, అనగా ఎనిమిది గంటలకు, పెంచుటకు గల అవకాశములను తెలుపగలరు. ప్రస్తుత నమూనాను యథాతథముగా కొనసాగించవలెను. దానిని ఎవరును తాకరాదు.

ఆ చివరి వాక్యాన్ని వరహాలు చాలాసేపు చూశాడు. తరవాత జవాబు రాసి మహలక్ష్మికి ఇచ్చాడు: 'ప్రయత్నింపబడును.' ఆవిడ ఫైలుకు తాడు కట్టి, ఇలాంటి ప్రయత్నాలకు ఆరేళ్ళు పట్టడం ఈ సంస్థలో మామూలేనని చెప్పి, బీరువాలో అడుగు అరలో పెట్టింది.

ఆరోజు కాశిమెట్ట ఘాటులో ఉదయం నుంచీ వాన. ఏడో మలుపు స్తంభం వెయ్యీ నూట నలభై సార్లు లేచింది. వెయ్యీ నూట ముప్పై తొమ్మిది సార్లు లారీలనూ కోతులనూ చూసి మళ్ళీ పడుకుంది. ఒక్కసారి ఎర్రలైటు వెలిగించింది. బాబూరావు బస్సు గంటంబావు ఆలస్యంగా కిందూరు చేరింది. ఎక్కినవాళ్ళందరూ దిగారు.